విలేకరి కూతురు విలేకరి కావొద్దా?

చిత్తూరు జిల్లా పడమటి వైపున్న ఒక మండల కేంద్రం నుంచి వచ్చింది ఈ ఉత్తరం. పేరు, ఊరు, పత్రిక పేరు వేయొద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. రాసినాయనకు 47 ఏళ్లు. 19 ఏళ్లుగా ఒక దినపత్రికకు మండల విలేకరి. పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కు భాషలో కంట్రిబ్యూటర్. నెలజీతం లేదు. అచ్చయిన వార్తలకు వరుసల లెక్కన, లైన్ అకౌంటు కింద కొంత, తెచ్చిన ప్రకటనల మీద కమీషన్ కొంత వస్తాయి. ఇల్లు ఎక్కువగా భార్య చూసుకునే రెండు పాడి ఆవుల మీదే నడుస్తోంది. కూతురు ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేస్తోంది.

పోయిన సంక్రాంతికి ముందు ఆయన ప్రకటన కోసం ఒక నాయకుడి ఇంటికి వెళ్లారు. కూతురిని బస్సెక్కించాల్సి ఉండి వెంట తీసుకెళ్లారు. ఆయన వరండాలో రెండు గంటలు కూర్చుంటే, ఆ అమ్మాయి గేటు బయట స్కూటరు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. చివరికి నాయకుడు బయటికొచ్చి, "ఏమప్పా, పండగొస్తే గానీ మేం గుర్తు రామా" అని నవ్వి చెక్కు రాసిచ్చాడు. దారంతా కూతురు ఒక్క మాటా మాట్లాడలేదట.

రెండో సంగతి 2025 జూన్‌ది. తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిపోయిన రోజులు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. ఈయన ఒక ఫ్యాక్టరీ దగ్గరికి రాత్రి ఒంటిగంటకు వెళ్లి, సెల్‌ఫోన్ లైటుతో నడుస్తూ లెక్కపెట్టారు: 214 ట్రాక్టర్లు. కాయ మెత్తబడి రసం కారి తారు రోడ్డంతా జిగట, చెప్పులు అంటుకుంటున్నాయని రాశారు. "రెండు రాత్రులాయ సామీ, టోకెన్ ఇచ్చినోడు యాడికి పోయినాడో తెలీదు" అన్నాడట ఒక రైతు. 42 మంది తూకం చీటీలకు ఫోటోలు తీశారు. వాటిలో చాలా చీటీల మీద 8 లేదు, 5 ఉంది, 6 ఉంది. వార్త పంపితే "మామిడి రైతుల అవస్థలు" అని సింగిల్ కాలంలో, అంటే ఒకే కాలమ్ వెడల్పున చిన్నగా వచ్చింది. ఫ్యాక్టరీ పేరు లేదు, చీటీల ఊసు లేదు. ఆ తర్వాతి ఆదివారం అదే ఫ్యాక్టరీ ప్రకటన జిల్లా పేజీలో వచ్చింది.

ఇప్పుడు మండలంలో రోడ్డు పనులు చేసే ఒక కాంట్రాక్టరు యూట్యూబ్ ఛానెల్ పెడతానంటున్నాడు. కెమెరా, లోగో మైకు అన్నీ ఆయనవే, నెలకు 25 వేలు, "నువ్వే నడపన్నా" అన్నాడట. ఇదే సమయంలో కూతురు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేస్తానంది. "నేను బతికుండగా వద్దు" అనేశారీయన. మూడు వారాలుగా ఇంట్లో తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. "పత్రికలు చదివేవాళ్లే లేరు, ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే. ఈ వృత్తికి ఇంకా భవిష్యత్తు ఉందా అమ్మా? నేనేం చేయాలి? బిడ్డకేం చెప్పాలి?" అని ముగించారు.

తమ్ముడూ, నేను తిరుపతిలో ఒక పత్రిక డెస్కులో 16 ఏళ్లు జిల్లా పేజీలు దిద్దినదాన్ని. మీలాంటి వాళ్లు ఫ్యాక్సులో పంపిన రోజుల నుంచి వాట్సాప్‌లో పంపే రోజుల దాకా ఎన్నో వార్తలు నా చేతుల మీదుగా వెళ్లాయి. పేర్లు తీసేసి సింగిల్ కాలం చేయమని పైనుంచి మాట వస్తే నేనూ చేశాను. అందుకే మీకు తీరిగ్గా జవాబు రాయాలనిపించింది.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో డబ్బు గురించి ఆరు వరుసలున్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గరి రాత్రి గురించి పేజీన్నర ఉంది. ఆ వరండా గురించి ఒక పేజీ. ఆ రాత్రి గేటు దగ్గర మీరున్న తీరుకూ, వరండాలో కూర్చున్న తీరుకూ పొంతన లేదు. అయినా 19 ఏళ్లుగా రెండింటినీ ఒకే ఉద్యోగం అనుకుంటూ వచ్చారు. మీ పత్రిక మీకు అలాగే అప్పజెప్పింది. భవిష్యత్తు ఉందా అని అడిగేముందు దేనికి అని మనం విడదీసుకోవాలి.

మండల విలేకరి అనే పని ఎంత పాతదో ఎప్పుడైనా ఆలోచించారా? మన దగ్గర మండలాలు వచ్చిందే 1985లో. జిల్లాకో చిన్న పత్రిక, అదే మనం మినీ అనేది, 1989లో మొదలైంది. దాన్ని నింపడానికి ప్రతి మండలంలో ఒక మనిషి కావాల్సి వచ్చాడు. అట్లా పుట్టింది మీ పని. అప్పటికి తెలుగు పత్రికా రచనకు వయసు చాలానే ఉంది. బందరులో కృష్ణా పత్రిక 1902లో, బొంబాయిలో ఆంధ్రపత్రిక 1908లో మొదలయ్యాయి. మినీలతో మేలూ జరిగింది. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద లేచిన కబురు 1992లో ఊరూరికీ పాకిందంటే, రోజూ దాన్ని రాసి మోసిన జిల్లా పేజీలకు అందులో పెద్ద వాటా ఉంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ వార్తలు మోసినవాళ్లు మీలాంటి వాళ్లే.

కానీ ఆ ఏర్పాటు నిలబడింది ప్రకటనల మీద. పత్రిక ధర దాని అచ్చు ఖర్చుకు ఎప్పుడూ చాలదు. మిగతాది ప్రకటనలు భరించాలి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల ప్రకటనలు మెల్లగా గూగుల్, ఫేస్‌బుక్ వైపు వెళ్లిపోయాయి. 2020లో కరోనా వచ్చాక జిల్లా పేజీలు చిక్కిపోయాయి. పైన తగ్గిన డబ్బును కింద రాబట్టాలని చూశారు, ఆ బరువు వచ్చి మండల విలేకరి నెత్తిన పడింది. మీ చేతికి ప్రకటనల పుస్తకం వచ్చింది అందుకే. మీరు చేతగానివారై ఆ వరండాలో కూర్చోలేదని మీ అమ్మాయికి కూడా తెలియాలి.

అంటే 1989 నాటి ఈ ఏర్పాటు చివరికొచ్చింది. అది మళ్లీ లేస్తుందని నేను మీకు చెప్పలేను, నమ్మించలేను. ప్రెస్‌నోటు తెచ్చి వార్తగా మార్చే పనికి కూడా కాలం చెల్లింది, ఆ పని ఇప్పుడు ఏఐ నిమిషంలో చేస్తుంది. వెళ్లి చూసి చెప్పే మనిషి మాత్రం ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ కావాలి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు నేను తిరుపతిలోనే ఉన్నాను. కింద ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. మా అపార్టుమెంటు గ్రూపులో "కట్ట తెగింది" అని ఒకరు పెడితే పది నిమిషాల్లో ఇరవై మంది దాన్నే తిప్పి పంపారు. నాకు తెలిసిన విలేకరి ఒకాయనకు ఫోన్ చేశాను. "కట్ట మీదే ఉండానమ్మా. తెగలేదు. ఇసుక మూటలేస్తా ఉండారు" అన్నాడు. వెనక వాన చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇరవై మంది దగ్గరా ఫోన్లున్నాయి, కట్ట మీద మాత్రం ఆయనొక్కడే ఉన్నాడు. ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే అని మీరు రాసిన మాటకు నా జవాబు ఇది.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం. ముందు కాంట్రాక్టరు సంగతి, ఎందుకంటే మీ మనసు సగం అటు వెళ్లినట్టు నాకనిపించింది. 25 వేలు చిన్న మొత్తం కాదు. 19 ఏళ్లలో నెలకు అంత మీరెప్పుడూ చూసి ఉండరు. అందుకే దాన్ని తేలిగ్గా తీసిపారేయమని చెప్పను. ఒప్పుకునే ముందు ఆయన్ను ఒక్క మాట అడగండి: "అన్నా, మనం వేసిన రోడ్డు వానకు లేచిపోతే ఆ వార్త మన ఛానెల్లో వేయొచ్చా?" ఆయన ముఖంలోనే మీకు జవాబు దొరుకుతుంది. వేయొద్దంటే మీకు ఇస్తానంటున్నది ప్రచార ఉద్యోగం. అది నేరం కాదు, చాలామంది చేస్తున్నారు, దానితో పిల్లల్ని చదివించుకుంటున్నారు. అయితే ఇలాంటి ఛానెళ్లకు ఆయుష్షు ఎన్నికల దాకానో, బిల్లులు వచ్చేదాకానో. ఆ తర్వాత కెమెరా ఆయన ఇంటికి వెళ్లిపోతుంది, మండలంలో మిగిలేది మీ పేరు. కూతురి చదువు కోసం రెండేళ్లు చేసి తీరాలి అనుకుంటే చేయండి. కానీ ఆ మైకు పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆ రైతు "సామీ" అని మీకు చీటీ చూపిస్తాడు, అది ఎవరి మైకో ఆయనకు తెలియదు.

వద్దనుకుంటే ఆయన ఇంకొక కుర్రాణ్ని పెట్టుకుంటాడు, రేపు మండలాఫీసులో మీ ఎదురుగా ఆ మైకే ఉంటుంది. కొన్నాళ్లు చిన్నచూపు తప్పదు. దానికి సిద్ధపడాలి.

పత్రికలోనే ఉండిపోవడం రెండోది. ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు, అదే అక్రిడిటేషన్ ఉంటుంది, ఆర్టీసీ రాయితీ, ఆరోగ్య పథకం ఉంటాయి. ఇవి చిన్నవి కావు, ముఖ్యంగా 50కి దగ్గరపడుతున్న వయసులో. ఎడిషన్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి "వార్తలు రాస్తాను, ప్రకటనలకు వేరే మనిషిని చూసుకోండి" అని అడిగి చూడండి. కుదరదంటే మీ స్థానంలో వేరొకరు వస్తారు, అది నిజంగా జరగొచ్చు. మధ్యేమార్గం ఒకటుంది. బట్టల కొట్టు, పాఠశాల, హోటలు, వీళ్ల దగ్గర ప్రకటన తీసుకోండి. రేపు మీరు వార్త రాయాల్సి వచ్చే నాయకుడు, కాంట్రాక్టరు, ఫ్యాక్టరీ వరండా ఎక్కడం మానేయండి. టార్గెట్ పూర్తికాదు, మాటలు పడతాయి. కానీ ఆ చీటీల వార్తలాంటిది ఇంకోసారి వస్తే కనీసం మీ వైపు నుంచి దానికి అడ్డు ఉండదు.

మూడోది మీరు అడగలేదు. మీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ రాత్రి మీరు చేసిన పనినే, మీ పేరుతో, చిన్నగా చేయడం. మండలంలో అన్ని వార్తలూ అక్కర్లేదు. మామిడి కాలంలో ఏ ఫ్యాక్టరీ ముందు ఎన్ని బండ్లు, ఈరోజు చీటీ మీద ఎంత రాస్తున్నారు, టోకెన్లు ఎప్పటిదాకా ఇచ్చారు. మిగతా కాలంలో పాల ధర, టమాటా ధర, కౌండిన్య అడవి వైపు నుంచి ఏనుగులు ఈ రాత్రి ఏ ఊరి పొలిమేరలో ఉన్నాయి. రాత్రి పూట పొలానికి నీళ్లు పెట్టడానికి పోయే రైతుకు ఈ చివరి సంగతి ప్రాణంతో సమానం. రోజూ సాయంత్రం ఏడుకు ఒక వాట్సాప్ సందేశం, వారానికి రెండు వీడియోలు చాలు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. యూట్యూబ్ ప్రకటనల వాటా పూర్తిగా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. సగటున ఒకరు మూడు నిమిషాలు చూస్తారనుకుంటే ఏడాదికి 80 వేల వీక్షణలు, రోజుకు 220 దాకా. అది మీకు అసాధ్యం కాదు. కానీ ఆ గీత దాటాక వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు, దాన్ని నమ్ముకోవద్దు. రైతులే నెలకు 30 రూపాయలు ఫోన్‌పే చేస్తే, 300 మంది చేరితే 9 వేలు. 300 మంది చేరడానికి ఏడాది పట్టొచ్చు, చేరకపోనూ వచ్చు. అందుకని మొదటి ఏడాది పాలడబ్బు మీదే ఉండాలి, పక్కన ఇంకేదైనా పని ఉండాలి. ఎల్ఐసీ ఏజెంటుగా చేసే విలేకరులు, ఫోటో స్టూడియో నడిపేవాళ్లు నాకు తెలుసు. అందులో తక్కువతనం లేదు. భూముల బేరాలూ పంచాయితీలూ మాత్రం వద్దు, అవి నేరుగా వార్త మీదికే వస్తాయి. ఈ నిర్ణయం మీ ఒక్కరిదీ కాదు. తెల్లవారుజామున లేచి పాలు పితికే ఆమెను కూర్చోబెట్టి లెక్క చూపించి అడగండి.

చట్టం విషయంలో జాగ్రత్త. అచ్చు పత్రిక పెట్టాలంటే 2023లో వచ్చిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, అది ఆన్‌లైన్ వార్తలకు వర్తించదు. ఆన్‌లైన్‌కు 2021 ఐటీ నిబంధనలున్నాయి. ఫిర్యాదులు తీసుకునే మనిషి పేరు చూపించాలి, వచ్చిన ఫిర్యాదుకు 15 రోజుల్లో జవాబివ్వాలి. పరువునష్టం కేసు భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద నేరుగా మీ మీదికే వస్తుంది, వెనక కంపెనీ వకీలు ఉండడు. కాబట్టి ప్రతి చీటీకి ఫోటో, ప్రతి మాటకు రికార్డు ఉండాలి. ఫ్యాక్టరీ మేనేజరుకు కూడా రాతపూర్వకంగా ప్రశ్న పంపి, ఆయన జవాబివ్వకపోతే ఇవ్వలేదని రాయాలి. ఆ 4 రూపాయలు ఎవరెవరికి అందాయో జిల్లా ఉద్యానశాఖను సమాచార హక్కు కింద అడగొచ్చు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. పత్రిక సింగిల్ కాలంలో వేసిన మీ వార్త తర్వాతి భాగం అక్కడుంది.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి, సొంతంగా యూట్యూబ్ ఛానెల్ నడిపే యువకుడు, ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. రోడ్డు పనిలో అవినీతి మీద వార్త వచ్చిన కొద్ది రోజులకే జరిగిందిది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒంటరిగా చేసేవాడికి ప్రమాదం ఎక్కువ. ప్రమాదమున్న వార్తలకు రాత్రి ఒక్కరే వెళ్లకండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, పక్క మండలాల్లో మీలాగే ఆలోచించే ఇద్దరు ముగ్గురితో కలిసి ఒకే రోజు ఒకే వార్త వేయండి. నలుగురి దగ్గరున్న వార్త కోసం ఒకణ్ని పట్టుకుని లాభం లేదని వాళ్లకూ తెలుస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి.

మీరు ఆ బిడ్డను వద్దంటున్నది ఆ వరండాలో కూర్చోవద్దనే అని నాకర్థమైంది. ఆ రోజు స్కూటరు దగ్గర నిలబడి చూసింది, ఇంటికొచ్చాక కూడా ఇదే చదువుతానంది. అంటే ఆమె అదొక్కటే చూడలేదు. జూన్ రాత్రి మీరు ఇంటికొచ్చేసరికి చెప్పులకు మామిడి జిగట ఉంది, మర్నాడు దాన్ని కడిగింది అమ్మాయేనని మీరే రాశారు. ఎందుకు చదవాలనుకుంటోందో ఆమెను మీరు అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

ఆమె అడుగుపెట్టే లోకం మీది కాదు. ఉద్యోగాలు సులువుగా ఉన్నాయని చెప్పను. డిజిటల్ డెస్కుల్లో చేరిన పిల్లలు రోజుకు పదిహేను ఐటెమ్‌లు తిప్పి రాసి అలసిపోవడం చూశాను. రెండేళ్లలో మానేసినవాళ్లున్నారు. అట్లాగే తెలుగు బాగా రాసి, ఇంగ్లీషు చదివి, లెక్కల పట్టిక విప్పి చూడగలిగి, వీడియో కూర్చగలిగిన పిల్లలకు నిజనిర్ధారణ, పరిశోధన, బోధన వంటి వాటిలో చోటుంది. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో ఖబర్ లహరియా అని 2002లో పల్లెటూరి ఆడవాళ్లు మొదలుపెట్టిన చిన్న పత్రిక ఉంది. స్థానిక యాసలో అచ్చుకాగితంగా మొదలై ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది, ఊళ్లలో తిరిగి వార్త తెచ్చేది ఇప్పటికీ ఆడవాళ్లే. మన తెలుగు మండలాల్లో ఆడ విలేకరులు ఎంతమంది? మామిడి గేటు దగ్గర గుంపులో ఉన్న ఆడకూలీ మీకు చెప్పని మాట మీ అమ్మాయికి చెబుతుంది.

వద్దని పట్టుబడితే ఆమె ఆగిపోవచ్చు. బీఈడీ చేయడమో, బ్యాంకు పరీక్షలు రాయడమో చేసి బతుకుతుంది. కానీ మీ మధ్య ఆ మూడు వారాల మౌనం మూడేళ్లవుతుంది. సరేనని ఊరుకుంటే ఆమె మీరు పడిన గుంటలన్నీ మళ్లీ పడొచ్చు. ఈ రెండింటికన్నా నాకు నచ్చేది, పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాయనిస్తూనే ఈ మామిడి సీజను ఆమెను వెంట తీసుకెళ్లడం. గేటు దగ్గరికే కాదు, డెస్కుకు ఫోన్ చేసి వార్త ఎందుకు కోశారని అడిగేటప్పుడు కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. లైన్ అకౌంటు చీటీ చూపించండి. అన్నీ చూశాక ఆమె ఏమంటే అది. మీరు ఏ దారి పట్టాలన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆమె చదువుతో కలిపి తేల్చకండి.

చివరగా ఒక పని, ఇది ఈరోజే. ఆ 42 చీటీల ఫోటోలు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయని, ఫోన్ అప్పుడప్పుడు ఆగిపోతోందని రాశారు. వాటిని ఇంకో రెండు చోట్ల దాచండి. ఒక్కో ఫోటోకి రైతు ఊరు, తేదీ, కాయ ఎన్ని క్వింటాళ్లో, చీటీ మీది ధర ఎంతో ఒక పట్టికలో ఎక్కించాలి. మీకు రాకపోతే మీ అమ్మాయికి వస్తుంది. అడగండి.